గిటార్ పట్టగానే మీ చెయ్యి ఏం వాయిస్తుంది? చిటికెన వేలిని కూడా నిద్రలేపే పావుగంట వార్మప్

నా దగ్గరికి కొత్తగా ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే ముందు గిటార్ చేతికిస్తాను. "నేను కిందికి పోయి చాయ్ చెప్పొస్తా, అప్పటిదాకా ఏదో ఒకటి వాయిస్తుండు తమ్మీ" అని మెట్లు దిగుతాను. నల్గొండ గడియారం సెంటర్‌కి కొంచెం దూరంలో మేడమీద గది మాది. మెట్ల మధ్యలో నిలబడితే లోపల వాయించేదంతా వినిపిస్తుంది. పరీక్ష అని తెలియనప్పుడు చెయ్యి ఏం వాయిస్తుందో అదే దాని అసలు అలవాటు.

ఇన్నేళ్లలో ఆ మెట్ల మీద నేను విన్నవి ఎక్కువగా మూడే. చర్చిలో వాయించే పిల్లలైతే జి, సి, ఇ మైనర్, డి కార్డుల (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్టుల) చక్రం. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చేవాళ్లయితే ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీద రెండు కడ్డీల మధ్య గడి) దగ్గర ఏ మైనర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల వరస, అదీ వచ్చిన దానికంటే రెట్టింపు స్పీడులో. మిగతావాళ్లు ఏదో ఒక సినిమా పాట మొదటి బిట్ వాయిస్తారు. అది పల్లవి దాకా కూడా వెళ్లదు, ఆగి మళ్లీ మొదటికొస్తుంది.

వీటిలో తప్పేం లేదు. నేనూ అదే బాపతు. అయితే ఈ మూడింటిలోనూ ఒక మతలబు ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ కార్డుల చక్రాన్నే తీసుకోండి. చాలామంది వాయించేది అచ్చమైన సి కాదు, ఒక స్వరం అదనంగా కలిసిన సి యాడ్ 9. ఇ మైనర్ కూడా ఇ మైనర్ 7. ఎందుకంటే జి పట్టుకున్నప్పుడు ఉంగరం వేలు రెండో తీగ మీద, చిటికెన వేలు మొదటి తీగ మీద, రెండూ మూడో ఫ్రెట్‌లో కూర్చుంటాయి. (తీగల లెక్క సన్న తీగ నుంచి, అన్నిటికంటే లావుది ఆరోది.) సి యాడ్ 9కి వెళ్లినా, ఇ మైనర్ 7కి వెళ్లినా అవి అక్కడే ఉంటాయి. డికి వెళ్లేటప్పుడు చిటికెన వేలు లేస్తుంది, అంతే. ఉంగరం వేలు చక్రమంతా తిరిగినా కదలదు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, అందుకే చెయ్యి దాన్ని ఇష్టపడుతుంది. కానీ చాకిరీ అంతా చూపుడు వేలిదీ నడిమి వేలిదీ. మిగతా రెండూ అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు.

పెంటాటోనిక్‌లోనూ ఇదే కథ. 5, 7 ఫ్రెట్లకి చూపుడు వేలు, ఉంగరం వేలు సరిపోతాయి. 8వ ఫ్రెట్‌కి చిటికెన వేలు రావాలి, చాలామంది అక్కడికీ ఉంగరం వేలినే సాగదీస్తారు. అంటే మన చెయ్యి అలవాటుగా వాయించేది బలహీనమైన వేళ్లను తప్పించుకుంటూ అల్లుకున్న దారి. దాన్ని ఇరవై నిమిషాలు వాయించినా వేడెక్కేది ముందే వేడిగా ఉన్న వేళ్లే.

నాకిది బుద్ధికి ఎక్కింది ఒక డిసెంబరు రాత్రి, దేవరకొండ వైపు ఒక ఊళ్లో క్రిస్మస్ ప్రోగ్రాంలో. ఆరుబయట స్టేజీ, చలి. స్టేజీ వెనక నిలబడి ఇరవై నిమిషాలు జి, సి, డి దంచాను. చేతులు రెడీ అనుకున్నాను. మొదటి పాటే ఎఫ్‌లో, బార్ కార్డులతో, అంటే చూపుడు వేలిని అడ్డంగా పరిచి తీగలన్నీ నొక్కి పట్టేవి. ఆ వేలి పని తప్పించే క్లిప్పు, కాపో, ఇంట్లో మర్చిపోయాను. మొదటి ఎఫ్ పట్టగానే 'దబ్' అని చెక్క మీద కొట్టినట్టు మోగింది, రెండోదీ అంతే. కీబోర్డు వాయించే అన్న నా వైపు ఒకసారి చూసి వాల్యూం పెంచుకున్నాడు. ఆ పాటంతా నేను వాయిస్తున్నట్టు నటించాను. ఆ తర్వాతే ఈ పద్ధతి ఒక్కొక్కటిగా కూర్చుకున్నాను.

ముందు ఒక వారం ఊరికే వినండి

ఏదీ మార్చకండి. రోజూ గిటార్ తీయగానే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి మొదటి నిమిషం రికార్డు చేయండి. వారం చివర ఏడూ వరసగా వినండి. సిగ్గేస్తుంది, ఫర్వాలేదు. వింటూ ఒక కాగితం మీద నాలుగు వేళ్ల పేర్లు రాసి, ఏ వేలు ఎక్కువ పనిచేసిందో గీతలు పెట్టండి. మీ వార్మప్‌లో ఏం ఉండాలో ఆ కాగితమే చెబుతుంది. జడ్చర్ల నుంచి వచ్చే ఒక అబ్బాయి కాగితంలో చిటికెన వేలు పక్కన ఏడు రోజులకు కలిపి రెండే గీతలు. ఆ రెండూ తీగ మీద పొరపాటున తగిలినవి.

చేతులు

ఎడమ చేతి గోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే మిగతాదంతా దండగ. చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి. మధ్యాహ్నం పప్పు, ఆవకాయ కలిపిన చేత్తో తీగలు ముట్టుకుంటే వారంలో మసకబారతాయి.

మన దగ్గర ఈ మెట్టు కాలాన్ని బట్టి మారుతుంది. మే నెలలో నల్గొండ ఎండ 44, 45 డిగ్రీలు దాటే రోజుల్లో వేళ్లకు వేడి కరువు కాదు, చెమటే సమస్య. పక్కన పొడి గుడ్డ ఉండాలి. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట దీనికి పూర్తిగా వ్యతిరేకం. గోరువెచ్చటి నీళ్లలో చేతులు ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి తుడుచుకోండి. స్టేజీ దగ్గరైతే వేడి చాయ్ గ్లాసే గతి, రెండు చేతులతో పట్టుకుని నిలబడండి. తాగడం తర్వాత సంగతి. చలిమంట దగ్గరికి మీరు వెళ్లండి, గిటార్‌ని మాత్రం తీసుకెళ్లకండి. వేడికి అతుకు జిగురు వదులుతుంది.

చల్లగా ఉన్న వేళ్లను వెనక్కి విరిచి, మెటికలు విరిచి 'స్ట్రెచింగ్' అనుకోవద్దు. పిడికిలి మెల్లగా మూసి తెరవడం, మణికట్టు గుండ్రంగా తిప్పడం, భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలేయడం చాలు. ఇంకో మాట. మా జిల్లాలో కీళ్లు పట్టేశాయంటే పెద్దవాళ్లకు ముందు ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. పాత నీళ్లు తాగి పెరిగినవాళ్లు, నడివయసులో గిటార్ మొదలుపెట్టినవాళ్లు వేళ్ల బిగుతును వార్మప్‌తో వదిలించాలని చూడొద్దు. ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని వాళ్లు చెప్పినంతే వాయించండి.

ట్యూనింగ్ కూడా వార్మప్పే, చెవికి

యాప్‌తో ఆరు తీగలూ ట్యూన్ చేసుకుంటే అర నిమిషంలో పని అయిపోతుంది, కానీ చెవి ఇంకా నిద్రలోనే ఉంటుంది. నేను ఆరో తీగ ఒక్కటే యాప్‌తో ఇ కి కలుపుతాను, మిగతాది చెవితో. ఆరో తీగ 5వ ఫ్రెట్ నొక్కితే ఐదో తీగ స్వరం, ఐదో తీగ 5వ ఫ్రెట్‌లో నాలుగోది, నాలుగో తీగ 5వ ఫ్రెట్‌లో మూడోది. రెండో తీగకు మాత్రం మూడో తీగ 4వ ఫ్రెట్ నొక్కాలి. మళ్లీ రెండో తీగ 5వ ఫ్రెట్‌లో మొదటిది. రెండు స్వరాలు దగ్గరపడేకొద్దీ 'వావ్ వావ్' అని ఊగే ఊపు నెమ్మదించి, కలిసినప్పుడు ఆగిపోతుంది. ఆ ఊపు ఆగడాన్ని పట్టుకోవడమే ఇక్కడ చెవికి పని. చివర్లో యాప్‌తో సరిచూసుకోండి.

బిగించేటప్పుడు ఎప్పుడూ కిందనుంచి పైకి రండి. స్వరం ఎక్కువైతే బాగా దించి మళ్లీ పైకి తీసుకురండి, లేకపోతే మర చుట్టులో మిగిలిన వదులు పాట మధ్యలో జారుతుంది. నార్కట్‌పల్లి నుంచి బైకు మీద ఎండలో గిటార్ తెచ్చి, తెచ్చిన వెంటనే ట్యూన్ చేస్తే పదినిమిషాల్లో మళ్లీ తప్పుతుంది. వేడికి ఉక్కు తీగ సాగి స్వరం దిగుతుంది, నీడలో చల్లబడితే ఎక్కుతుంది. కాసేపు పెట్టెలోంచి తీసి గదిలో ఉంచండి.

కుడి చెయ్యి ఒంటరిగా, రెండు నిమిషాలు

ఎడమ చేతిని తొడ మీద పెట్టేయండి. టిక్ టిక్‌మని లయ చెప్పే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఆరో తీగ మీద దెబ్బకు ఒకటి చొప్పున నాలుగు, తర్వాత ఐదో తీగ, అలా మొదటి తీగ దాకా వెళ్లి వెనక్కి. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) ఒకసారి కిందికి, ఒకసారి పైకి, తీగ మారినా ఆ వరస తప్పకూడదు. పైకి కొట్టింది కిందికి కొట్టినంత గట్టిగా మోగుతుందా లేదా అన్నదే వినాల్సింది. మొదట్లో ఎవరికీ మోగదు.

1-2-3-4, అందరికీ తెలుసు, సరిగ్గా చేసేది కొందరే

నాలుగు వేళ్లు (చూపుడు వేలు 1, చిటికెన వేలు 4), నాలుగు ఫ్రెట్లు, తీగ తీగకీ. ఏ యూట్యూబ్ పాఠంలో చూసినా ఇదే ఉంటుంది. అందరూ దీన్ని 1వ ఫ్రెట్ నుంచి మొదలుపెడతారు. చల్లని చేతికి అదే అన్నిటికంటే కష్టమైన చోటు. మామూలు పూర్తి సైజు గిటార్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 36 మిల్లీమీటర్లు, ఐదోది 29, తొమ్మిదోది 23. పైకి పోయేకొద్దీ గళ్లు ఇరుకవుతాయి. కాబట్టి 7వ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టండి. ఒక రౌండ్ అయ్యాక 5కి, తర్వాత 3కి దిగండి. 1వ ఫ్రెట్‌కి వచ్చేసరికి చెయ్యి తెరుచుకుని ఉంటుంది.

ఇక్కడ స్పీడు మర్చిపోయి నొక్కుడు చూడండి. చూపుడు వేలిని 7వ ఫ్రెట్‌లో, కడ్డీకి ఆనీ ఆనకుండా వెనక్కే పెట్టండి. తీగను ముట్టుకోండి, నొక్కకండి. మీటితే 'టక్' అంటుంది. కొంచెం నొక్కండి, 'జుర్ర్' మంటుంది. ఇంకొంచెం నొక్కండి, ఒక్కసారిగా స్వరం తేటగా వస్తుంది. ఆగండి. అంతే నొక్కుడు చాలు, దానికి మించి వేసే ప్రతి గ్రాము బలమూ బొటనవేలి మొదట్లో నొప్పిగా తిరిగొస్తుంది. నాలుగు వేళ్లకూ ఈ 'టక్, జుర్ర్, స్వరం' పరీక్ష చేయండి. చిటికెన వేలికి ఎక్కువ బలం కావాలనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు దాని చోటే తప్పు. కడ్డీకి దూరంగా, గడి మధ్యలో వాలి ఉంటుంది. చోటు సరిచేస్తే బలం అడగదు.

ఇక నడక. 1 వేసి ఉంచండి, 2 వేసినా 1 లేవొద్దు, 3 వేసినా ముందువి రెండూ ఉండాలి. 4 వేశాక నాలుగూ తీగ మీద వరసగా నిలబడి ఉండాలి. తర్వాతి తీగకు ఒక్కొక్క వేలే దిగాలి. 60 దెబ్బల మీద దెబ్బకొక స్వరం. 'ఇంత నెమ్మదా అన్నా' అని పిల్లలు మొహం మాడ్చుకుంటారు. నెమ్మదిగా ఉన్నప్పుడే 3 దిగుతుంటే 4 గాల్లోకి లేచి తోకలా నిలబడడం కంటికి కనపడుతుంది. ఆ రెండు వేళ్లూ పుట్టుకతోనే ఒకదాన్నొకటి లాగుతుంటాయి, అది మీ తప్పు కాదు. లేచిన వేలిని తీగకు దగ్గరగా తెచ్చుకోండి, అంతే.

నాలుగు వేళ్లను మొత్తం 24 వరసల్లో పేర్చవచ్చు. ఒకేరోజు అన్నీ చేస్తామని పూనుకున్నవాళ్లు నాలుగో రోజుకి కనపడరు. రోజుకొకటి చాలు. 1-3-2-4, 1-4-2-3, 4-2-3-1 లాంటివి వాయిస్తే వేళ్లు ఆలోచించక తప్పదు. నాలుగైదు నిమిషాలు దాటనివ్వకండి.

సరళీ స్వరాలు, మనింటి వార్మప్

1-2-3-4లో పాట ఉండదు. వేళ్లు లేస్తాయి కానీ మనసు లేవదు. అందుకే నేను తర్వాత సరళీ స్వరాలకు వస్తాను. పురందరదాసు ఏర్పరచారని చెప్పుకునే ఈ పాఠాలను గాత్రం, వీణ, వయొలిన్ ఏది నేర్చుకున్నా మొదట మాయామాళవగౌళలోనే చెబుతారు. గిటార్ వాళ్లు వదిలేశారెందుకో నాకు అర్థం కాదు.

ఈ రాగం స్వరస్థానాలు చూడండి. ఖాళీ తీగను 'స' అనుకుంటే రి 1వ ఫ్రెట్, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12. 'స రి గ మ' మధ్య ఎంతెంత దూరమో 'ప ద ని స' మధ్య సరిగ్గా అంతే. సగం నేర్చుకుంటే రెండో సగం ఉచితం. రికీ గకీ మధ్య మూడు ఫ్రెట్ల గంతు ఉంది. ఒకే తీగ మీద వాయిస్తే అది చూపుడు వేలి నుంచి చిటికెన వేలికి వెళ్లే గంతు. మన అలవాటు తప్పించుకునే పని ఇదే కదా.

ఒకే చోట కూర్చుని వాయించాలంటే ఇలా: ఐదో తీగ 3వ ఫ్రెట్ 'స', నడిమి వేలు. అదే తీగ 4 'రి', ఉంగరం వేలు. నాలుగో తీగ 2 'గ', చూపుడు వేలు. 3 'మ', నడిమి వేలు. 5 'ప', చిటికెన వేలు. అదే చిటికెన వేలిని తీగ మీద జరుపుతూ 6కి తీసుకెళ్తే 'ద'. మూడో తీగ 4 'ని', ఉంగరం వేలు. 5 పై 'స', చిటికెన వేలు. దిగేటప్పుడు అవే వేళ్లు తిరుగు వరసలో. ఈ చిన్న దారిలో చిటికెన వేలికి మూడు స్వరాలు, అందులో ఒకటి జారుడు. దానికి ఇక దాక్కోవడానికి చోటు లేదు.

మొదటి సరళి తెలిసిందే, స రి గ మ ప ద ని స, స ని ద ప మ గ రి స. రెండోది: స రి స రి స రి గ మ, స రి గ మ ప ద ని స. దిగేటప్పుడు: స ని స ని స ని ద ప, స ని ద ప మ గ రి స. నోటితో అంటూ వాయించండి, సిగ్గుపడితే లోపల్లోపలైనా అనుకోండి. మెట్రోనోమ్‌ని 60 నుంచి కదపొద్దు. మొదటి కాలంలో దెబ్బకొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. గిటార్ వాళ్లు స్పీడు పెంచడానికి మెట్రోనోమ్‌ని 5, 5 చొప్పున ఎక్కిస్తూ పోతారు. మన పద్ధతిలో తాళం నిలబడి ఉంటుంది, చెయ్యే రెట్టింపవుతుంది. లయ గట్టిపడడానికి ఇదే మేలని నా అనుభవం. మూడో కాలం తడబడితే వదిలేసి రెండో కాలానికి వచ్చేయండి, వార్మప్‌లో పంతాలు వద్దు.

సంగీతం మాస్టారు ఎవరైనా వింటే 'గమకం ఏదయ్యా' అంటారు. నిజమే. ఇది కచేరీ కాదు, వేళ్లకు పొద్దుటి నడక. గమకం కావాలంటే గురువు దగ్గర కూర్చోవాల్సిందే.

కార్డులు, కానీ కదిలేవి

ఇప్పుడు కార్డులకు రండి. జిని ఈసారి ఇలా పట్టండి: ఉంగరం వేలు ఆరో తీగ 3వ ఫ్రెట్, నడిమి వేలు ఐదో తీగ 2వ ఫ్రెట్, చిటికెన వేలు మొదటి తీగ 3వ ఫ్రెట్. ఇక్కడి నుంచి అసలైన సికి వెళ్లాలంటే ఉంగరం వేలు, నడిమి వేలు జంటగా ఒక్కో తీగ నేల వైపు జరుగుతాయి, చూపుడు వేలు రెండో తీగ 1వ ఫ్రెట్‌లో దిగుతుంది, చిటికెన వేలు లేస్తుంది. నాలుగు వేళ్లకూ పని ఉంది. ఒక నిమిషం టైమర్ పెట్టుకుని ఎన్నిసార్లు మార్చగలరో లెక్కపెట్టండి. స్వరం తేటగా రాని మార్పును లెక్కలోంచి తీసేయండి. రెండో నిమిషం సి నుంచి ఎఫ్ బార్. చేతికి ఎఫ్ మరీ బరువనిపిస్తే అదే ఆకారాన్ని 5వ ఫ్రెట్ దగ్గర పట్టి, ఒక్కో ఫ్రెట్ కిందికి దించుకుంటూ రండి. అక్కడ తీగ మెత్తగా లొంగుతుంది. అయినా లొంగకపోతే మీ వేలిని తిట్టుకునే ముందు గిటార్‌ని చూడండి. 12వ ఫ్రెట్ దగ్గర తీగకూ కడ్డీకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ ఉంటే ఎవరి వేలైనా ఏడుస్తుంది. రిపేరు తెలిసినవాళ్ల చేత దించించుకోండి.

స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి కొట్టడం కోసం, తీగలన్నిటి మీదా ఎడమ చెయ్యి ఊరికే పరిచి, మోగకుండా చేసి, డప్పు దరువు ఏదైనా కుడి చేత్తో కొట్టండి. మన ఊళ్లలో పెరిగినవాళ్లకు దరువు కొత్తగా నేర్పక్కర్లేదు, బోనాలకీ పీర్ల పండక్కీ ఒంట్లోకి ఎక్కిందే. మణికట్టు వదులుగా ఉందా లేదా అదొక్కటి చూసుకోండి.

ఇప్పుడు మీ అలవాటు వాయించుకోండి

మెట్ల మీద నేను విన్న ఆ ముక్క, ఇప్పుడు దాని వంతు. దాన్ని మానేయమని నేను ఎవరికీ చెప్పను. అది థర్మామీటర్‌లా పనికొస్తుంది. ఏళ్లుగా వాయిస్తున్నారు కాబట్టి ఈరోజు చెయ్యి ఎలా ఉందో అది వెంటనే చెబుతుంది. నిన్న తేలిగ్గా వచ్చింది ఈరోజు బరువుగా ఉంటే ఆరోజు కొత్త కష్టమైన పాట పెట్టుకోకండి. చివరన పెట్టడానికి ఇంకో కారణం, ముందే పెడితే మిగతావి ఎవరూ చేయరు. నేనూ చేయను.

టైం లేని రోజు, అంటే ఆదివారం ఆరాధనకు ఐదు నిమిషాల ముందు పరుగున వచ్చిన రోజు, చేతులు రుద్దుకోవడం, 7వ ఫ్రెట్‌లో ఒక్క రౌండ్ 1-2-3-4, మొదటి సరళి రెండు కాలాలు, మొదటి పాటలో అన్నిటికంటే కష్టమైన కార్డు మార్పు పదిసార్లు. చుట్టూ ప్రార్థన జరుగుతుంటే పిక్ లేకుండా బొటనవేలితో, తీగను తాకీ తాకనట్టు వాయించండి. నా క్రిస్మస్ రాత్రి ఆ చివరి పదిసార్లు చేసి ఉంటే సరిపోయేది.

కొత్తవాళ్లకు వేలి కొనలు మండడం మామూలే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. మణికట్టులో పోటు, వేళ్లలో తిమ్మిరి మాత్రం మామూలు కాదు. వెంటనే గిటార్ కింద పెట్టండి. రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 'వాయిస్తే అదే పోతుంది' అని ఒక సీనియర్ చెప్పిన మాట విని నా స్టూడెంట్ ఒకడు నెల రోజులు గిటార్ ముట్టుకోలేకపోయాడు.

అయ్యాక పొడి గుడ్డతో ఒక్కో తీగనూ పైనా కిందా పట్టి తుడవండి. ఎండాకాలంలో ఇది తప్పనిసరి, చెమట ఉప్పుకి ఉక్కు తీగలు ఊరికే తుప్పు పడతాయి. నెల తర్వాత మళ్లీ ఒక వారం మొదటి నిమిషాన్ని రికార్డు చేసి, పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టుకోండి. జడ్చర్ల అబ్బాయి రెండో కాగితంలో చిటికెన వేలు పక్కన ముప్పై ఒక్క గీతలున్నాయి. వాడు ఇప్పుడు నేను చాయ్ చెప్పి వచ్చేలోపు వాయించేది రెండో సరళి, రెండో కాలంలో. 'ద' దగ్గర ఇంకా కొంచెం జుర్రుమంటుంది.